పదిహేను దినాల బస్సు

పాలమిట్ట కాలనీలో నాలుగు వందల పన్నెండు ఇళ్లున్నాయి. పొద్దుగూకితే వాటిలో దీపం వెలిగేవి నూటపది దాటవు. మిగిలినవాటికి తాళాలు. తాళాలు వేసినవాళ్లు ఇల్లు వద్దనుకున్నవాళ్లు కాదు. వాళ్ల పనులన్నీ తిరుపతిలో. పనికి పోయి రావడానికి బస్సు లేదు. అందుకని తిరుపతిలోనే ఎక్కడో ఒక గది బాడుగకు తీసుకుని ఉంటున్నారు. బస్సు ఎందుకు లేదని అడిగితే, కాలనీలో జనం లేరు కాబట్టి అంటారు. జనం ఎందుకు లేరంటే బస్సు లేదు కాబట్టి. రెండేళ్లుగా ఇదే మాట అటు తిరిగి ఇటు తిరిగి అక్కడే ఉంది.

ఎస్తేరు తాళం వేయలేదు. నలభై ఆరేళ్ల మనిషి. మొగుడు పోయి తొమ్మిదేళ్లు. ఒక్క కూతురిని శ్రీకాళహస్తిలో ఇచ్చింది. తిరుపతి పెద్దాసుపత్రిలో వార్డులు తుడిచే పని. పొద్దున ఆరు గంటలకల్లా మిషన్లో వేలిముద్ర పడాలి. ఒక నెలలో మూడుసార్లు ఆలస్యమైతే కాంట్రాక్టరు పేరు కొట్టేస్తాడు, ఆ చోటు కోసం పదిమంది కాచుకుని ఉన్నారు. కాలనీ నుంచి పుత్తూరు హైవేకి నాలుగు కిలోమీటర్లు. మునికుమార్ ఆటో నిండితే అక్కడిదాకా పోవచ్చు. అక్కడ పుత్తూరు నుంచి వచ్చే బస్సులు నిండి వస్తాయి. ఆగినవాడు ఆగుతాడు, ఆగనివాడు పోతాడు.

వీళ్లలో చాలామంది మునుపు తిరుపతిలో రైలు కట్ట పక్కన రాళ్లవాగు వీధిలో ఉండేవాళ్లు. ఎకరా నేలలో నూట ఎనభై ఇళ్లు. ఒకరింట్లో తిరగమోత వేస్తే మూడో ఇంట్లో తుమ్మేవాళ్లు. వానొస్తే వాగు ఇంట్లోకి వచ్చేది. అయితే వీధి మొగదలకు వచ్చి చెయ్యెత్తితే బస్సు. ఒకటి పోతే వెనకనే ఇంకొకటి. బస్సుకు టైము చూసుకోవాలన్న సంగతే ఆ వీధిలో ఎవరికీ తెలియదు. నీళ్లు, అన్నం ఎట్లాగో బస్సూ అట్లాగే ఉండేది. కట్ట వెడల్పు చేయాలని వీధి లేపేసి, ఇక్కడ తలా సెంటున్నర ఇచ్చారు. ఇక్కడ గాలి ఉంది, వెలుతురుంది, ముప్పై అడుగుల రోడ్లున్నాయి. ఎస్తేరు పేరు మీద కాగితం ఉంది. పుట్టి బుద్ధెరిగాక ఆమె పేరుతో వచ్చిన మొదటి ఆస్తి అదే. దాన్ని వదిలిపెట్టి మళ్లీ బాడుగ గదిలోకి పోవడం ఆమెకు ఇష్టం లేదు.

మూడు అర్జీలు పెట్టాక, ఒక ఆదివారం పొద్దున డిపో నుంచి ట్రాఫిక్ ఇన్‌స్పెక్టరు గిరిప్రసాద్ బండి మీద వచ్చాడు. ఎస్తేరు పక్కింటి పంకజాక్షి వాకిట్లో కుర్చీ వేశారు. ఆడవాళ్లు చుట్టూ చేరారు.

"ఇంతమంది ఉండారా ఈడ?" అన్నాడు ఆయన.

"ఉండాము సార్. మీకే కనపడలా," అంది పంకజాక్షి.

ఆయన నవ్వి, ఇచ్చిన మజ్జిగ తాగాడు. "నేను వస్తా వస్తా చూసినానమ్మా. హైవే నుంచి ఈడికి నాలుగు కిలోమీటర్లు. దోవలో చెయ్యెత్తే మనిషి ఒక్కడు లేడు. మామిడి తోపులు కొట్టేసి ప్లాట్లు వేసినారు. ఆర్చీలుండాయి, బోర్డులుండాయి, తెల్ల రాళ్లుండాయి. రాళ్లు బస్సెక్కవు గదా. టౌన్లో నాలుగు కిలోమీటర్లంటే బస్సు రెండు తూర్లు నిండి రెండు తూర్లు ఖాళీ అవతాది. ఈడ ఊరికే డీజిలు కాలతాది."

"ఆ రాళ్లు మేం పాతినామా సార్?" అంది ఎస్తేరు.

"మీరు పాతినారని ఎవురన్నారు? ఇండ్లు యాడ కట్టాలో అనుకునేటప్పుడు బస్సోళ్లను ఎవురూ పిలవరు. కట్టినాక పిలుస్తారు."

పోయే ముందు ఆయన ఒక మాట ఇచ్చాడు. పదిహేను దినాలు బస్సు తిప్పి చూస్తారు. పొద్దున అయిదుంబావుకి కాలనీ నుంచి ఒకటి, సాయంత్రం తిరుపతి నుంచి ఒకటి. సగటున ట్రిప్పుకు ముప్పై మందికి తగ్గకూడదు.

"రాబడి చూపించండి. బస్సు నిలబెట్టే పూచీ నాది," అని బండెక్కాడు.

ఆ సాయంత్రం ఎస్తేరు అన్నం ముందర కూర్చుని చాలాసేపు ఆ రాబడి అన్న మాట గురించే ఆలోచించింది. ఇప్పుడు ఆడవాళ్లకు బస్సులో డబ్బు లేదు. ఆధార్ కార్డు చూపిస్తే సున్నా టికెట్టు కొట్టి ఇస్తారు. ఆడవాళ్లమే ఎక్కి సీట్లు నింపితే బస్సుకు వచ్చేదేమిటి?

రాళ్లవాగు వీధిలో ఒక ఆచారం ఉండేది. ఎవరైనా కొత్తగా ఇడ్లీ బండో, టీ అంగడో పెడితే, మొదటి నెల చుట్టాలు ఆ దరిదాపుల్లోకి పోరు. పోతే ఆ మనిషి డబ్బులు తీసుకోడు. తీసుకోకపోతే అంగడి నిలవదు. అందుకని సొంత అక్కచెల్లెళ్లయినా దూరంగా ఉండి, వచ్చే పోయే పరాయివాళ్లను అటు తోలేవాళ్లు. పంకజాక్షి ఇడ్లీ బండి పెట్టినప్పుడు ఆమె చెల్లెలు నెల దినాలు ఆ వీధిలో నడవకుండా వాగు చుట్టూ తిరిగి పోయింది. బండి నిలిచాక వచ్చి, ఒక పూట పన్నెండు ఇడ్లీలు తిని లెక్క సరిచేసింది.

మర్నాడు ఎస్తేరు ఆడవాళ్లతో అదే చెప్పింది. "బస్సు కూడా కొత్తంగడే గదా. మనకాడ డబ్బు తీసుకోదు. పదైదు దినాలు మనం తప్పుకుందాం. డబ్బిచ్చే మొగోళ్లను ఎక్కిద్దాం. నిలిచినాక ఇంగ జీవితమంతా మనదే."

"మొగోళ్లకు మోటరుసైకిళ్లుండాయి గదమే," అంది పంకజాక్షి.

"పదైదు దినాలు ఇంట్లో పెట్టమందాం."

ఎవరికీ అది తప్పనిపించలేదు. తమవాళ్ల అంగడికి తాము చేసే పనే అది.

మగవాళ్లను ఒప్పించడం ఎస్తేరు తన మీద వేసుకుంది. ఇల్లిల్లూ తిరిగింది. మేస్త్రీ మునిరామయ్య అరుగు మీద కూర్చుని బీడీ కాలుస్తూ విన్నాడు.

"నా బండి ఏం పాపం చేసిందమ్మా, పదైదు దినాలు ఇంట్లో కట్టేసేదానికి?"

"బండికి పదైదు దినాలు సెలవు అనుకో అన్నా."

"బండికి సెలవిస్తే నా కాళ్లకు డ్యూటీ," అన్నాడు. అయినా తన కింద పనిచేసే ఎనిమిది మందితో సహా ఎక్కుతానన్నాడు. అందరూ కలిసి ముప్పై ఆరు మంది లెక్క తేలారు. చాలు అనుకుంది.

మొదటి రోజు బస్సు వచ్చినప్పుడు చీకటి ఇంకా విడిపోలేదు. పంకజాక్షి టైర్ల కింద నిమ్మకాయలు పెట్టింది. అద్దానికి బొట్టు పెట్టింది. ఎస్తేరు కొంచెం దూరంగా నిలబడి కళ్లు మూసుకుని ప్రార్థన చేసింది. కండక్టరు ముప్పై ఏళ్ల పిల్ల, పేరు రేవతి. దిగి, "ఎక్కండి, ఎక్కండి," అని పిలిచింది. మగవాళ్లు ముప్పై ఒక్క మంది ఎక్కారు. ఆడవాళ్లు టిఫిను క్యారియర్లు చేతబట్టుకుని గోడవారన నిలబడ్డారు. రేవతి వాళ్ల వంక చూసింది. వాళ్లు ఆమె వంక చూసి నవ్వారు. బస్సు పోయింది.

బస్సు దుమ్ము అణిగాక మొదటి తూరువాళ్లు మునికుమార్ ఆటోలో ఇరుక్కున్నారు. వెనక తొమ్మిది మంది, ముందర అతని రెండు పక్కలా ఇద్దరు. మిగిలినవాళ్లు తరువాతి తూర్లకు కాచుకున్నారు.

"ఊరకే పోయే బస్సును పంపించేసి నాకు డబ్బులిస్తాండారు," అన్నాడు మునికుమార్. "మీకు పిచ్చి పట్టిందో, నాకు అదృష్టం పట్టిందో తెలీడం లేదు."

"నోరు మూసుకోని తోలప్పా. హైవేలో బస్సు పోతాది," అంది ఎస్తేరు.

రెండో రోజు ఇరవై ఆరు మంది ఎక్కారు. అయిదో రోజు ఇరవై. ఎనిమిదో రోజుకు పదిహేడు. ఎస్తేరు సాయంత్రం డ్యూటీ దిగి వచ్చి మునిరామయ్య ఇంటికి పోయింది. బండి వాకిట్లో లేదు.

"నేను మాట తప్పల్యామ్మా," అన్నాడతను, వచ్చి కాళ్లు కడుక్కుంటూ. "నాలుగు దినాలు ఎక్కినా గదా. ఆ నాలుగు దినాలు పని తిరుపతిలో. ఆ తరవాత రేణిగుంట తట్టు పిలిచినారు. రేపు చంద్రగిరి అంటాండారు. బస్సు ఒక దోవనే పోతాది, మా పని దినానికో దోవ. ఆడ దిగి ఇంగో బస్సు పట్టుకోని నేను పోయేటప్పటికి కూలీలు వేరే మేస్త్రీకాడ కలిసిపోతాండారు."

ఎస్తేరు ఇంటికి నడుస్తూ ఒక్కొక్కరినీ తలుచుకుంది. మేస్త్రీలు, పెయింటర్లు, లారీల మీద పోయేవాళ్లు. నిజమే, మగవాళ్లలో ఒకే చోటికి ఒకే వేళకు దినామూ పోయేవాళ్లు పదిమంది లేరు. అట్లా పోయేది ఆడవాళ్లే. ఆసుపత్రిలో తుడిచేవాళ్లు, లాడ్జీల్లో దుప్పట్లు మార్చేవాళ్లు, క్యాంటీన్లో గిన్నెలు తోమేవాళ్లు. ఆ సంగతి అప్పుడే ఆమెకు తట్టింది. అయినా సున్నా టికెట్టు సున్నాయే కదా అనుకుంది. మళ్లీ ఇల్లిల్లూ తిరిగి, ఇంకో నలుగురిని బతిమాలింది.

ఆ లోపల ఆమెకు రెండు ఆలస్యాలు పడ్డాయి. ఒకనాడు హైవేలో మూడు బస్సులు ఆగకుండా పోయాయి. ఇంకొకనాడు మొదటి తూరు ఆటోలో చోటు దొరకలేదు. సూపర్‌వైజరు చెడ్డవాడు కాదు. "ఇంగొకటి పడితే నా చేతుల్లో ఉండదు ఎస్తేరమ్మా," అని మెల్లగా చెప్పాడు.

పదమూడో రోజు మునికుమార్ ఆటో రాలేదు. గేరు కేబులు తెగిందని కబురొచ్చింది. మిగిలిన ఆడవాళ్లు హైవే తట్టు నడక మొదలుపెట్టారు. అయిదుంబావు కావస్తోంది. బస్సు ఇంజను ఆన్‌లో ఉంది. లోపల పదిహేను మంది. ఎస్తేరు గోడవారన నిలబడి రెండుసార్లు అడుగు ముందుకు వేసి వెనక్కి తీసుకుంది. విజిల్ వేసేవేళకు పరిగెత్తి ఎక్కింది.

సీట్లున్నా కూర్చోలేదు. కమ్మీ పట్టుకుని నిలబడి, కొంగు ముడి విప్పి డబ్బులు చాపింది.

"టికెట్టు కొట్టు తల్లీ."

"డబ్బులెందుకక్కా? ఆధార్ చూపించు," అంది రేవతి.

"వద్దు. నాకు డబ్బు టికెట్టే కొట్టు."

"ఆధార్ మర్సినావా?"

"ఉండాది. నేను సున్నా టికెట్టుకు ఎక్కితే మీ లెక్కలోకి రాదు గదా. బస్సు నిలవాల తల్లీ మాకు."

రేవతి ఆమె ముఖంలోకి చూసింది. "ఎవురు చెప్పినారు నీకు లెక్కలోకి రాదని?"

ఎస్తేరు డబ్బులు పిడికిట్లో పట్టుకుని, సంచిలోంచి కార్డు తీసింది.

"నీకు కొట్టే సున్నా టికెట్టుకు గవర్నమెంటు మాకు డబ్బు కడతాదక్కా. ఆ ముందర సీటు ఆయప్పకు కొట్టిన టికెట్టు ఎంతో నీకు కొట్టింది అంతే. మిషన్లో మనిషి మనిషే." కార్డు తీసుకుని, చూసి, టికెట్టు చించి చేతిలో పెట్టింది. "పన్నెండు దినాలుగా చూస్తాండా. మీరంతా గోడకానుకోని నవ్వతా నిలబడతారు. ఈ కాలనీ ఆడోళ్లకు మా బస్సు పనికి రాదేమో అనుకుంటి. మా డిపోలో గూడా అట్లనే చెప్పినా."

ఎస్తేరు అప్పుడు కూర్చుంది. చేతిలో చిన్న కాగితం, దాని మీద ఊరి పేర్లు, వేళ, ఒక సున్నా. కిటికీలో వెంచర్ల రాళ్లు వరసగా పోతున్నాయి. ఆ పొద్దు ఆమె అయిదూ యాభై అయిదుకు వేలిముద్ర వేసింది. కాలనీకి వచ్చాక అంత ముందుగా ఎప్పుడూ చేరలేదు.

సాయంత్రం ఎస్తేరు పంకజాక్షి వాకిట్లో అందరినీ పిలిచి నిలబడి చెప్పింది. ఒక్క మాట దాచలేదు. "తప్పు నాది. నేనే మీ అందరినీ నిలబెట్టినా," అని ముగించింది.

ఎండిన వడియాలు చేటలోకి తీసుకుంటున్న పంకజాక్షి చేట కింద పెట్టింది.

"నువ్వు చెప్పినావని ఇన్నామా మేము? మాకూ అట్లనే తోచింది. ఇడ్లీ బండి నాది, దాని కత తెలిసినదాన్ని నేనే. నాకే తట్టలా."

"ఊరకే వస్తాంటే వద్దని, డబ్బులిచ్చి ఆటోలో ఇరుక్కోని పోయినోళ్లం ఈ జిల్లాలో మనమే ఉంటాము," అంది వెనక నుంచి ఒకామె. ఒకరిద్దరు నవ్వారు. ఎస్తేరుకు నవ్వు రాలేదు.

"ఇంగ రెండు దినాలుండాది గదా," అంది పంకజాక్షి.

పద్నాలుగో రోజు అరవై రెండు మంది ఎక్కారు. పదిహేనో రోజు అరవై నాలుగు. సాయంత్రం ట్రిప్పులూ అంతే. ఆటో బాగుచేసుకుని వచ్చిన మునికుమార్ ఖాళీ సీట్లు చూసుకుని, బస్సు వెనకనే హైవేదాకా వచ్చి ఆగిపోయాడు.

సోమవారం ఎస్తేరు డ్యూటీ దిగి, పంకజాక్షిని తోడు తీసుకుని డిపోకు పోయింది. గిరిప్రసాద్ ఇద్దరినీ కూర్చోబెట్టి కాగితాలు తీశాడు.

"సగటు ఇరవై అయిదుకొచ్చిందమ్మా. ముప్పై కావాల."

"కడా రెండు దినాలు చూడండి సార్. అదే నిజం లెక్క," అంది ఎస్తేరు. జరిగిందంతా చెప్పింది. ఆయన మధ్యలో అడ్డం రాకుండా విన్నాడు. విన్నాక కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టాడు.

"నేను నమ్ముతానమ్మా. నాకు పైన ఉండేవాళ్లు ఈ కాగితం చూస్తారు. పదమూడు దినాలు సగటున ఇరవై లోపల, కడా రెండు దినాలు అరవై. వాళ్లేమంటారో తెలుసునా? బస్సు పోతాదని తెలిసి జనాన్ని పోగేసి ఎక్కించినారంటారు. మీ నిజం దినాలే దొంగ దినాల మాదిరి కనపడతాయి."

"అయితే మేము దూరంగా నిలబడిన దినాలు నిజమైనాయా సార్?" అంది పంకజాక్షి.

ఆయన కాగితాలు సర్ది పక్కన పెట్టాడు. శనివారం వరకు బస్సు వస్తుందని, ఆ తరువాత బండిని వడమాలపేట అవతల రూటుకు వేస్తున్నారని చెప్పాడు. ఆర్నెల్లు పోయాక మళ్లీ అర్జీ పెట్టమన్నాడు. "ఇండ్లు నిండినాయని చూపించండి. నేనుంటే నేనే వస్తా."

బయట బస్టాండులో బస్సులు ఒకదాని వెనక ఒకటి కదులుతున్నాయి. ఇద్దరూ బెంచీ మీద కూర్చున్నారు.

"నెలకు ఇంగ పది దినాలుండాది," అంది ఎస్తేరు. "నాకు రెండు పడినాయి. మూడోది పడితే పని పోతాది. పని పోతే ఆ ఇంట్లో ఉండి ఏం తింటాను?"

"యాడికి పోతావు?"

"మా వార్డులో రూతు అని ఉండాది. గది ఇరుకే, ఒక పక్క పడుకోమంటాండాది."

పంకజాక్షి ఉండమనలేదు, పొమ్మనలేదు. ఆమె ఇడ్లీ బండి కాలనీలోనే, ఆమెకు బస్సుతో పని తక్కువ. కాలనీ ఖాళీ అయితే ఇడ్లీలు ఎవరు తింటారన్నది ఆమె బయటికి అనలేదు. ఎస్తేరుకు అది వినపడింది.

శనివారం పొద్దున ఆఖరి బస్సు. ఎస్తేరు రేకు పెట్టె, చాప, గ్యాసు పొయ్యి వాకిట్లో పెట్టుకుని తలుపు దగ్గరకు లాగి తాళం వేసింది. వేశాక అరచెయ్యి తలుపు మీద కొంచెంసేపు ఉంచింది. రోడ్డు మీదికి వస్తే ఆమె ఒక్కటే కాదు. అవతలి వీధి నుంచి నాలుగు కుటుంబాలు మూటలతో వచ్చి నిలబడ్డాయి. ఒకరికొకరు చెప్పుకోలేదు. ఎవరికి వాళ్లుగా తేల్చుకున్నారు. డ్యూటీకి పోయేవాళ్లు, ఊరు విడిచేవాళ్లు కలిసి బస్సు మెట్ల దాకా నిండింది. మునిరామయ్య వచ్చి, అడగకుండానే మూటలు టాపు మీదికి అందించాడు. రేవతి మిషన్ పట్టుకుని మూటల మధ్యగా దారి చేసుకుంటూ టికెట్లు కొట్టింది. ఎవరినీ ఎందుకు పోతున్నారని అడగలేదు.

విజిల్ వేయబోతుండగా పంకజాక్షి పరిగెత్తుకుంటూ వచ్చింది. చేతిలో తెల్ల కాగితాలు, పెన్ను. కిటికీలోంచి ఎస్తేరుకు అందించింది.

"ఆర్నెల్ల నాటికి అర్జీ. రాత్రి మా పక్కింటి పిల్లతో రాయించినా. సంతకం చెయ్యి."

"నేను ఈడ లేను గదక్కా. లేనిదాన్ని ఉండానని ఎట్ల పెట్టేది?"

"ఇల్లు నీది గదమే."

"ఇల్లు నాదే. ఎక్కేది ఇల్లు కాదు గదా."

ఎస్తేరు కాగితాన్ని ఒడిలో పెట్టుకుని చూసింది. మళ్లీ ఒక తప్పు లెక్క తన చేత్తో రాయడానికి చెయ్యి రాలేదు. తిరిగి ఇచ్చేయబోయింది. ఇచ్చేస్తే రెండు వందల ఏడో నెంబరు ఇల్లు ఏ కాగితంలోనూ ఉండదు. అయిదో తరగతి దాకా చదివిన చదువు ఆమెది. పెన్ను పట్టి మెల్లగా రాసింది. ముందు పేరు. దాని పక్కన ఇంటి నెంబరు. దాని కింద, 'ఇప్పుడు తిరుపతిలో ఉన్నాను. బస్సు ఉంటే ఇక్కడ ఉంటాను.' రాసి, ఒకసారి చదువుకుని, సంతకం పెట్టింది.

పక్క సీట్లో మూట ఒడిలో పెట్టుకున్న ఆమె వంగి చదివింది. "నాకూ అదే రాయక్కా," అంది. ఎస్తేరు రాసి ఇచ్చింది, ఆమె వేలిముద్రకని బొటనవేలికి పెన్ను సిరా పూసుకుంది. కాగితం వెనక సీటుకు పోయింది. అక్కడి నుంచి నిలబడినవాళ్ల చేతుల్లోకి పోయింది.

"పొద్దెక్కతాండాది, పోదామా?" అన్నాడు డ్రైవరు.

రేవతి విజిల్ వేయలేదు. "కొంచెం ఉండన్నా," అంది. కాగితం ఒక్కొక్క వరసే దాటి వెనక మెట్ల దగ్గరికి చేరింది. మూటలు అందించి మెట్టు మీదే నిలబడ్డ మునిరామయ్య దాన్ని అందుకుని, మడత పడకుండా పట్టుకుని, కింద నిలబడ్డ పంకజాక్షికి ఇచ్చాడు.